నాలుగు పలకలు కలిసే చోట

నేను బయటికి వస్తేగాని ఆమె లోపలికి రాలేదట. ఆ మాట ట్యూనిస్‌లోని పలకల షోరూము నుంచి ఫోనులో యోస్రాయే అంది, ఎంతో మర్యాదగా, "మేడమ్ ఎమ్నా, మీరింకా ఆ కంప్యూటరు లోపలే ఉన్నట్టున్నారు, నాకు తెర నల్లగా వస్తోంది, మీరొక్కసారి లాగవుట్ అయితే నేను వచ్చేస్తాను" అని. ఆమె వెనక నుంచి నా భర్త లస్సాద్ గొంతు, "గడియ తియ్యవోయ్ ఎమ్నా, ఆడపిల్ల గుమ్మంలో నిలబడిపోయింది" అని, తర్వాత నవ్వు, ఆ నవ్వు మీద ఆమె నవ్వు. రెండు నవ్వులూ ఒకే ఫోనులోంచి వచ్చాయి అంటే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఉన్నారు, ఒకే తెరలోకి వంగి చూస్తున్నారు, ఆ బల్ల ఎంత చిన్నదో నాకు తెలుసు, షోరూము తెరిచిన రోజున నేనే చూశాను, రెండు కుర్చీలు వేస్తే మోచేతులు తగులుతాయి. నేను నవ్వలేదు. "ఒక అరగంట ఇవ్వండి, వేరే పద్ధతిలో పెడతాను" అన్నాను. "ఐదు నిమిషాల పని అన్నావుగా యోస్రా?" అన్నాడతను అటు తిరిగి. "మేడమ్‌కి తెలుసులెండి సీ లస్సాద్" అంది ఆమె, సీ అని గౌరవం చేర్చి. అవును, మేడమ్‌కి తెలుసు. మేడమ్‌కి తెలిసిన సంగతి ఆ పిల్లకి ఎలా తెలుసో అది మాత్రం మేడమ్‌కి తెలియదు, అతను చెప్పాడా, చెబితే ఎలా చెప్పాడు, మా ఆవిడ కూడా కాస్త కంప్యూటరు చదువుకుందిలే అనా.

తెర ఎందుకు నల్లగా వచ్చిందో ఆమె చెప్పకముందే నాకు తెలుసు. ఈ కంప్యూటరులో ఉన్న ఖాతా ఒక్కటే, లస్సాద్ పేరున. దీంట్లోకి లినక్స్ ఎక్కించింది నేనే అయినా ఆ రోజు అది పేరు అడిగినప్పుడు ఆలోచించకుండా అతని పేరే కొట్టాను, కరెంటు బిల్లు మీద అతని పేరున్నట్టు, మా గుమ్మం పక్క గోడలో నీలి పలక మీద అతని పేరున్నట్టు. అప్పటి నుంచి నేను కూర్చున్నా ఈ పెట్టె దృష్టిలో కూర్చున్నది లస్సాదే. పొద్దున నేను పెట్టిన పద్ధతిలో ఒక మనిషి ఒకేసారి రెండు చోట్ల ఉండటానికి వీల్లేదు. ఇక్కడ ఒక లస్సాద్ కూర్చునుండగా అక్కణ్ణుంచి ఇంకో లస్సాద్ వచ్చి తలుపు తడితే చీకటి చూపిస్తుంది, ఇక్కడి లస్సాద్ లేచి వెళ్ళిపోతే అక్కడి లస్సాద్‌కి ఇల్లంతా అప్పగిస్తుంది. నేనూ లస్సాదే, ఆమే లస్సాదే, అసలు లస్సాద్ ఆమె పక్క కుర్చీలో కాఫీ తాగుతున్నాడు. అతని కాఫీలో ఎంత చక్కెర వెయ్యాలో ఈపాటికి ఆమెకు తెలిసే ఉంటుంది. నేను లేచిపోతే నా ముందు మిగిలేది పేరూ పాస్‌వర్డూ అడిగే ఖాళీ తెర. లోపల ఆమె ఏ అర తెరిచిందో, ఏ బొమ్మ మీద చెయ్యి వేసిందో కనిపించదు. నా వంటింట్లో ఎవరో గిన్నెలు కదుపుతుంటే నన్ను వాకిట్లో కూర్చోమన్నట్టు. అందుకని రెండో పద్ధతి, తెరను పంచుకోవటం. నేను ఇక్కడే కూర్చుంటాను, ఆమె అక్కడ, ఇద్దరికీ ఒకే తెర, ఒకే బాణం, ఎవరి మౌసు కదిలినా కదిలేది ఆ బాణమే. పొద్దున్నే ఇది పెట్టేదాన్ని. లస్సాద్ బస్సుకు పోతూ, "నువ్వు దగ్గర కూర్చోనక్కర్లేని విధంగా చెయ్యి, నీకెందుకు శ్రమ" అన్నాడు కాబట్టి మొదటిది పెట్టాను. నీకెందుకు శ్రమ. ఎంత ప్రేమగా అన్నాడో. చెప్పులు వేసుకుంటూ, ముఖం చూడకుండా, ఎంత ప్రేమగా.

కిటికీ అవతల నడవాలో మా అత్తగారు బేయా నారింజ పూలు కాచి పూలనీరు తీస్తోంది. ఈ నెలలో మా నాబెల్‌లో ఏ వీధిలో నడిచినా ఇదే వాసన, ఆరేసిన దుప్పట్లకీ తడి గోడలకీ కూడా పట్టేస్తుంది, రాత్రి లస్సాద్ మెడ దగ్గర కూడా ఇదే, ట్యూనిస్ వెళ్ళొచ్చినా పోదు, అది మాత్రం నాకు కొంచెం ధైర్యం. రాగి కుండ కింద సన్నటి మంట, కుండకీ మూతకీ మధ్య ఆవిరి పోకుండా పిండి పూసి చుట్టిన గుడ్డ పీలిక, గొట్టం కింద సీసా, ఒక బొట్టు, ఆగి మళ్ళీ ఒక బొట్టు. పూలు కాసే వేళ ఆమె పక్కింటివాళ్ళని కూడా గడప దాటనివ్వదు. పరాయి కన్ను పడితే పువ్వు నీరివ్వదట. పెళ్ళైన కొత్తలో ఈ మాటకి నవ్వేదాన్ని, కాలేజీ చదువు చదివినదాన్ని కదా, ఆవిరి ఎలా చల్లబడి నీరవుతుందో నోట్సు రాసుకున్నదాన్ని. ఇవాళ ఎందుకో నవ్వు రావటం లేదు. "ఏమిటే బింతీ, పెళ్ళిచూపులకొస్తున్నట్టు ఆ తెర అంతలా తుడుస్తున్నావు?" అంది ఆమె కిటికీలోంచి, నన్ను కూతురా అనే పిలుస్తుంది, నేనామెను అమ్మా అని. నిజమే, చేతిలో గుడ్డ ఉంది, ఎప్పుడు తీశానో నాకే గుర్తులేదు. "ట్యూనిస్ నుంచి ఒకమ్మాయి ఇందులోకి చూస్తుంది ఉమ్మీ." "అక్కడికి దుమ్ము కనిపిస్తుందా?" "కనిపించదు." "మరి తుడవటం దేనికి?" దేనికో. లోపల కూడా తుడిచాను, చెల్లాచెదురుగా ఉన్న బొమ్మల్ని వాటి వాటి అరల్లో సర్దాను, తెర వెనక పెట్టుకున్న లస్సాద్ ఫోటో తీసేశాను, చెంప మీద పసుపు రంగు అంటుకుని నవ్వుతున్న పాత ఫోటో, తీసి ఉత్త నీలం పెట్టాను, ఆ నవ్వు ఆమె చూడటం ఎందుకని. మళ్ళీ అంతలోనే, చూస్తే చూడనీ, ఆ నవ్వు ఎవరు తీస్తే వచ్చిందో తెలుసుకోనీ అని ఫోటో తిరిగి పెట్టాను. "మావాడు పొద్దస్తమానం పేరెత్తుతుంటాడే, ఆ పిల్లేనా?" ఆమె చెవి దాటి పోయే మాట ఈ ఇంట్లో లేదు. "ఆ పిల్లే." "నిన్న రాత్రి సరిగ్గా తిన్నాడా వాడు?" "రెండుసార్లు వడ్డించుకున్నాడు." "అయితే నిశ్చింతగా ఉండు. ఊరెళ్ళిన మగాడు ఆకలితో తిరిగొచ్చినన్నాళ్ళూ భయం లేదు. కడుపు నిండి వచ్చిన రోజున నాకు చెప్పు, చెవి నేను మెలేస్తాను" అని మంట సర్దుకోవటానికి అటు తిరిగింది.

అత్తగారికి అర్థమయ్యే అసూయ అయినా బాగుండేది. భర్త మీద అనుమానమంటే చెప్పుకోవటానికి ఊరంతా ఉంది, అత్త ఉంది, అక్కచెల్లెళ్ళు ఉన్నారు, హమ్మాములో స్నానాల దగ్గర పక్కన కూర్చుని వీపు రుద్దే మనిషి కూడా వింటుంది, తలా ఒక సలహా ఇస్తారు. నాది చెప్పుకుంటే వినేవాళ్ళు లేరు. ఒక మూల కోసం ఏడుస్తున్నానంటే ఏ మూల అంటారు. పలక మూల. లస్సాద్ పని గోడ పలకలకి బొమ్మలు గీయటం, తండ్రి దగ్గర నేర్చుకున్నాడు, వాళ్ళ కార్ఖానాలో ఆ ముసలాయన ఒక మాట అంటుండేవాడు, ఒక్క పలకని చూసి మాట్లాడేవాడితో మాట్లాడకు అని. పలక దానంతటది ఎప్పుడూ అందంగానే ఉంటుంది. నాలుగు తెచ్చి నేల మీద కలిపి పెట్టినప్పుడు తెలుస్తుంది దాని బతుకు. సింహపు పంజా అని పాత బొమ్మ ఒకటుంది, ఆకు కొనలే వేళ్ళుగా పంజాలో పావు వంతు ఒక్కో పలక మూలలో ఉంటుంది, నాలుగు మూలలూ ఒకచోట కలిస్తేనే పంజా పూర్తవుతుంది, ఒక మూలలో గీత వెంట్రుకంత పక్కకి పోతే అక్కడ నాలుగు వెంట్రుకలు, గోడ మొత్తానికి అదే కుంటినడక. లస్సాద్ చెయ్యి మధ్యలో దేవుడిచ్చిన చెయ్యి. పువ్వు వేస్తే రేకు తడిగా ఉన్నట్టుంటుంది. మూలకొచ్చేసరికి అతనికి విసుగు. అప్పటికే ఆ బొమ్మ మీద ప్రేమ అయిపోయి ఇంకో బొమ్మ తలలోకి వచ్చేసి ఉంటుంది. మూల గీయటం అంటే అతనికి భోజనమయ్యాక గిన్నెలు కడగటం లాంటిది, గిన్నెలు కడగటం ఎవరి పనో మా ఇంట్లో అందరికీ తెలుసు.

కాగితం మీద గీసినన్నాళ్ళు నేను చూసి ఊరుకునేదాన్ని. కొత్త కంప్యూటరు కొనే స్తోమత లేక ఎవరో పారేస్తానన్న ఈ పాత పెట్టె తెచ్చాడు, ఆన్ చేస్తే మూలుగుతుంది, తేనీళ్ళు మరిగేదాకా తెరుచుకోదు, విసిగిపోయి అవతల పారేస్తానన్నాడు. ఆగమని నేనే దాన్ని విప్పి దుమ్ము దులిపి లినక్స్ ఎక్కించాను, ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేర్ వేశాను, మౌసు పట్టుకోవటం నుంచి నేర్పాను. ఎన్ని సాయంత్రాలు ఒకే కుర్చీలో సగం సగం కూర్చున్నామో. అతను నేర్చుకున్నాక కుర్చీ మొత్తం అతనిదైంది. ఒక మధ్యాహ్నం అతను నమాజుకు వెళ్ళినప్పుడు తెర మీద పంజా బొమ్మ తెరిచే ఉంది, నాలుగు పలకలు పక్కపక్కన పెట్టి చూశాను, ఆకు కొన ఒకటి లోపలికి మడుచుకుపోయి పంజా పిడికిలిలా ఉంది, వేళ్ళు విప్పుకోవటం లేదు. చెయ్యి ఊరుకోలేదు. ఆ గీతను పట్టి కొంచెం, చాలా కొంచెం, బయటికి లాగాను. పంజా విచ్చుకుంది. అతను వచ్చి చూసి, చాలాసేపు చూసి, "చూశావా, బొమ్మను కాసేపు వదిలేసి వెళితే దానంతటదే కుదురుకుంటుంది, నాన్న చెప్పేవాడు" అన్నాడు. నేను పచ్చి మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. తీస్తూనే ఉన్నాను. చెప్పటానికి నోరు రాక కాదు, ఆ క్షణంలో అతని ముఖంలో ఉన్న సంతోషం నేను చేసినది, దాన్ని చెడగొట్టటం ఎందుకు అనిపించింది, ఇంకా నిజం చెప్పాలంటే నాకొక్కదానికే తెలిసిన చోటు ఒకటి దొరికింది అనిపించింది. అప్పటి నుంచి మూలలన్నీ నావే. ఒక హోటలు మేడ మెట్ల మీద నావి, ఆసుపత్రి తోట గోడ మీద నావి, జనం నడుస్తూ చేత్తో తడుముతారు, ఫోటోలు దిగుతారు, లస్సాద్ గారి పనితనం అంటారు. నేను తల మీది గుడ్డ సర్దుకుని పక్కన నిలబడతాను. నాకది చాలు. నిన్నటిదాకా చాలు.

"యోస్రాకి మంచి కన్ను" అన్నాడు మొన్న, అన్నం దగ్గర. కన్ను. చెయ్యి అనలేదు, చదువు అనలేదు. ఇన్నేళ్ళలో నా వంటని మెచ్చుకున్నాడు, ఓపికని మెచ్చుకున్నాడు, జుట్టుని కూడా, కన్ను అని మాత్రం ఎన్నడూ అనలేదు. షోరూము తెరిచిన రోజున ఆ పిల్లను చూశాను, పొట్టి గోళ్ళు, చూపుడు వేలు పక్కన పోని నీలి మరక, గుమ్మడి గింజలు కొరుకుతూ తొక్కలు కాగితంలో పోగేసుకుంటోంది, ఒక్కటి కింద పడనివ్వలేదు, ఆ శుభ్రం చూసి నాకు మొదట ఇష్టమే కలిగింది. "మీరేం చేస్తుంటారు మేడమ్?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు లస్సాద్, "ఇల్లంతా తన మీదే నడుస్తుంది" అన్నాడు, ఎంతో గౌరవంగా. ఆమె తల ఊపింది. ఆ తల ఊపటంలో జాలి ఉందో లేదో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను, రొట్టె పిండి పిసుకుతూ కూడా ఆ తలే ఊపుకుంటున్నాను, ఇలా ఊపిందా, ఇలాగా. ఇకనుంచి బొమ్మలు తుదిరూపం దిద్దేది ఆమేనట. ఇవాళ్టిదీ పంజా బొమ్మే, పాత హమ్మాము ఒకటి బాగుచేస్తున్నారు, దాని గోడలకి, సాయంత్రంలోగా ముద్రించి కార్ఖానాకి పంపితే అక్కడ ఆ కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, పలక మీద పెట్టి బొగ్గుపొడి అద్దుతారు, ఒకసారి చిల్లు పడితే ఇక మార్పు లేదు. ఇవాళ మొదలైతే రేపూ ఆమే. నేను ఇక్కడ తలుపు తీసి ఇచ్చాక రాత్రి ఆకు కొన సరిచేసి పెట్టినా పొద్దున ఆమె చూస్తుంది, లేదా నాకంటే ముందే తనే సరిచేస్తుంది, ఆమెకు కన్ను ఉంది కదా. అప్పుడు అతను కుదురుకుందిలే దానంతటదే అనడు. యోస్రా కుదిర్చింది అంటాడు. ఆమె పేరు చెబుతాడు. నేను చేసినన్నాళ్ళూ దానికి పేరు లేదు, ఆమె చేసిన మొదటి రోజునే పేరు వస్తుంది.  వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని సముద్రపు ఒడ్డున నడిచారని ఎవరైనా వచ్చి చెప్పినా ఇంత బాధ ఉండేది కాదేమో. ఛీ, ఉండేది. అదీ ఉండేది.

పని మొదలుపెట్టాను. పొద్దున పెట్టిన దాన్ని ఆపేశాను. సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే రెండు మీటలు, తెరను పంచుకోనివ్వాలా, దూరం నుంచి కదపనివ్వాలా. మొదటిది నొక్కాను. రెండోదాని మీద వేలు ఆగింది. కదపనివ్వకపోతే ఆమె చూస్తుంది, చెయ్యి మాత్రం పెట్టలేదు. ముందుగదిలో చుట్టాన్ని కూర్చోబెట్టి అద్దాల బీరువా చూపించినట్టు. అది నొక్కకుండా వదిలేశాను. తెర తనంతట తాను నల్లబడి తాళం పడితే ఆమె బయటికి పోతుంది కాబట్టి అది ఆపేశాను, అదేదో ఆమె మీద దయతో చేసినట్టు నాకు నేను చెప్పుకున్నాను. రూటరులో ఒక్క దారి తెరిచాను, అది కూడా షోరూము చిరునామా నుంచి తప్ప లోకంలో ఇంకెవరూ తట్టకుండా. ఇల్లు తెరిచిపెట్టి వెళ్ళే మనిషిని కాదు నేను. పాస్‌వర్డు అడిగింది. సులువైనది పెట్టొచ్చు. అక్షరాలూ అంకెలూ పెద్దవీ చిన్నవీ కలిపి, మధ్యలో ఎవరూ వాడని గుర్తులు వేసి, నోరు తిరగనిది పెట్టి, ఫోను తీసి ఒక్కొక్కటే చెప్పాను. ఎక్కడైనా తడబడుతుందని, మళ్ళీ చెప్పండి మేడమ్ అంటుందని, లస్సాద్ పక్కనుండి వింటాడని. ఆమె ఒక్కసారికే కొట్టింది. "మంచి పాస్‌వర్డు పెట్టారు మేడమ్, మా వాళ్ళంతా పుట్టినరోజులు పెడతారు" అంది. అది కూడా నచ్చలేదు నాకు. పొగడ్త పడటం లేదంటే జ్వరం బాగా ఉన్నట్టు లెక్క.

తెర మీద మూలన చిన్న గుర్తు ఒకటి వెలిగింది, ఎవరో చూస్తున్నారని. అంతే, ఇంకేమీ మారలేదు, అదే ఫోటో, చెంప మీద పసుపు, కానీ గదిలో ఎవరో ఉన్నట్టు నా వీపు నిటారుగా అయింది, జుట్టు వెనక్కి తోసుకున్నాను, ఆమెకు నేను కనిపించనని తెలిసీ. "వచ్చేశాను మేడమ్. అయ్యో, సీ లస్సాద్, ఈ ఫోటోలో మీకు జుట్టుందే!" "అది ఎమ్నా తీసిందిలే, దాని దగ్గర అన్నీ ఉంటాయి." "కనిపిస్తోంది కానీ మేడమ్, కదలటం లేదు." "ఎమ్నా, ఏమిటిది, మ్యూజియం అనుకున్నావా? ముట్టుకోనివ్వు, సాయంత్రం అయిపోతోంది" అన్నాడు, ఈసారి నవ్వు లేదు. ఆ విసుగు నా మీదా, కంప్యూటరు మీదా, తేడా లేదు గొంతులో. నడవాలో అత్తగారు సీసా మార్చింది, గాజు రాయి మీద ఆనిన చప్పుడు. నా వేలు రెండో మీట మీదికి వెళ్ళింది. ఇవ్వకుండా ఉంటే ఏమవుతుంది, కుదరటం లేదని చెప్పొచ్చు, లినక్స్ అంతే అని చెప్పొచ్చు, నమ్ముతారు. లస్సాద్ నమ్ముతాడు. ఆ పిల్ల నమ్మదు. ఆమె ముందు చేతకానిదాన్ని కావటం కంటే... నొక్కాను.

బాణం కదిలింది. మౌసు నా చేతి కిందే ఉంది, చల్లగా, కదలకుండా, బాణం మాత్రం తెర మీద నడుస్తోంది. ఎన్నో ఏళ్ళుగా నా చేతికి అతుక్కుని తిరిగినది ఇంకొకరి చేతిలో నడుస్తుంటే, నా చెయ్యి నాకు మొద్దుబారినట్టు అనిపించింది. తడబాటు లేదు, తిన్నగా అరలోకి వెళ్ళింది, హమ్మాము బొమ్మ తెరిచింది. లస్సాద్‌లా కాదు, అతను బాణాన్ని ఈగలా తిప్పుతాడు. నాలాగా, అవసరమైనంత మేరకే కదులుతోంది. చూస్తుంటే కుళ్ళుగా ఉంది, చూడకుండా ఉండలేకపోతున్నాను. ఆమె మధ్యలో పువ్వు దగ్గర ఆగలేదు. అందరూ ఆగుతారు అక్కడ. నాలుగు కాపీలు చేసి పక్కపక్కన చేర్చింది, మధ్యలో కలిసే చోటికి వెళ్ళి, పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, బాణాన్ని ఆకు కొన మీద నిలబెట్టింది. నిన్న అతను నిద్రలేవకముందు నేను లాగి పెట్టిన కొన. 

"సీ లస్సాద్, ఈ మూల మీరే వేశారా?"

"మరెవరు వేస్తారు, మా అమ్మ వేస్తుందా?"

"కాదు, మధ్యలో గీత వేరు, ఇక్కడి గీత వేరు. మీరు గీత మొదట్లో ఒత్తుతారు, చివర్లో వదిలేస్తారు. ఇక్కడ చివరిదాకా ఎక్కడా వదల్లేదు. ఇది... బాగా జాగ్రత్తగా ఉంది."

"పొద్దున్నే ఒక చెయ్యి, రాత్రికి ఒక చెయ్యి యోస్రా. నీకూ వయసొస్తే తెలుస్తుంది."

అబద్ధం ఆడలేదతను, అదే నా బాధ. అంత తేలిగ్గా, అంత నమ్మకంగా. ఫోను బల్ల మీద పడుకుని ఉంది, ఇద్దరూ నన్ను మరిచిపోయారు. "అయితే మధ్యకి తగ్గట్టు దీన్ని కాస్త వదులు చేస్తాను" అంది ఆమె, "లేకపోతే గోడ మీద ఇద్దరు వేసినట్టుంటుంది." "చెయ్యి, చెయ్యి, నీ కన్ను మీద నాకు నమ్మకం" అన్నాడతను. బాణం ఆకు కొనను పట్టింది. లోపలికి లాగటం మొదలుపెట్టింది. పంజా వేళ్ళు ముడుచుకోవటం మొదలయ్యాయి.

నా చెయ్యి కదిలింది. నేను కదిపానని చెప్పలేను. బాణం ఆమెకూ నాకూ మధ్య ఒక్కసారి గింజుకుంది, అటు కొంచెం, ఇటు కొంచెం, పిల్లల చేతుల్లో ఒకే పావురం పడ్డట్టు, ఆమె లాగింది, నేను వదల్లేదు, ఆమె మళ్ళీ లాగింది, ఎంత బలం ఉంది ఆ పిల్ల వేళ్ళలో, బస్సు ప్రయాణమంత దూరం నుంచి నా మణికట్టు దాకా తెలిసింది, ఆ తర్వాత అటు పక్క ఉన్నట్టుండి బరువు లేకుండా అయిపోయింది. బాణం నా దగ్గరికి వచ్చేసింది.  ఆకు కొనను మొదట అతను గీసిన చోటికే తీసుకెళ్ళి పెట్టాను, ముడుచుకున్న పిడికిలి, నాలుగు వైపులా, చూడండి ఇది మొన్నటిది. అక్కడ ఆగాను, వాళ్ళకి కనిపించేదాకా. ఆ తర్వాత పట్టుకుని, నెమ్మదిగా, నేను ఎప్పుడూ ఎవరూ లేనప్పుడు చేసినట్టే, కొంచెం, చాలా కొంచెం, బయటికి.

"యోస్రా, ఏం చేస్తున్నావు, వెనక్కీ ముందుకీ?"

"నేను కాదు సీ లస్సాద్. నేను చెయ్యి తీసేశాను. చూడండి, నా చేతులు ఇక్కడున్నాయి."

ఫోనులోంచి వీధిలో కారు హారను ఒకటి, అది ట్యూనిస్ వీధి. బాణం నా చేతిలో రెండో ఆకు దగ్గరికి వెళ్ళింది, అక్కడ కూడా అతను వదిలేసిన చోటొకటుంది, నిన్న వేళ చాలక చెయ్యలేదు.

"ఎమ్నా?" అన్నాడు. ఎప్పుడూ నన్ను అలా పిలవలేదు, గదిలో లైటు ఎవరు వేశారో తెలియనప్పుడు పిలిచినట్టు. "ఎమ్నా, అది నువ్వా? ఎప్పటి నుంచి..."

"ష్. ఆగండి సీ లస్సాద్" అంది ఆమె. "చూడనివ్వండి."

ఆ ఒక్క మాటకి, ఈ గంటలో ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా మండిందో అదంతా ఒకచోట చేరి మండింది. ఆ మాట అన్నది ఆమె. ఒకే కుర్చీలో సగం కూర్చున్నవాడు కాదు, ఒకే కంచంలో చెయ్యి పెట్టినవాడు కాదు, గుమ్మడి గింజలు కొరుక్కునే ఆ పిల్ల, వచ్చి కొద్దిసేపైనా కాకుండానే, ఒక్క చూపులో. ఆ కన్ను మీద నాకెంత అసూయ కలిగిందో చెప్పలేను. ఆ కన్ను అతనికి ఉండి ఉంటే. రెండో ఆకు కొన పట్టుకున్నాను. ఇప్పుడు ఆపితే సిగ్గుపడ్డట్టుంటుంది, అందుకని ఆపలేదు, తొందర కూడా పడలేదు, అలవాటైన చోట అలవాటైనంత సేపు ఆగి గీతను దాని దారిలో చివరిదాకా నడిపించాను. అవతల కుర్చీ నేల మీద గీసుకున్న చప్పుడు వినిపించింది, ఎవరో ముందుకు జరిగారు, తెరకి దగ్గరగా.

"కాస్త పెద్దది చెయ్యి, సరిగ్గా కనిపించటం లేదు" అన్నాడు లస్సాద్.

నాతో అన్నాడో, ఆమెతో అన్నాడో తెలియలేదు. పెద్దది చేసింది నేను.